కోరుట్లలో ఒక గీత సిగ్నల్

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు జగిత్యాల నుంచి ఒక మెసేజ్ బయలుదేరింది. "దశేరి మొక్కలు వచ్చినయి." సిరిసిల్లలో ఉన్న ఏజెంట్ వేణుకు అది తొమ్మిదీ పదికి అందింది.

ఆ నలభై నిమిషాలూ అతని ఫోన్ అన్న బాలయ్య సాంచాల షెడ్డులో, మరమగ్గాల పక్కన బల్ల మీద, మడతపెట్టిన జరీ చీరల కింద ఉంది. బాలయ్య చీరల కట్ట ఎత్తి ఆటోలో వేయగానే మోగింది.

"ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?" అన్నాడు బాలయ్య. ముప్పై ఏళ్లుగా సాంచాల చప్పుడు మధ్య మాట్లాడడం వల్ల అతను ఎక్కడైనా అరిచే మాట్లాడతాడు. "జరీల ఉండేది అల్యూమినియం. గా కట్ట కింద పెడితే ఫోన్ సచ్చినట్టే. నా గిరాకీలు ఎంతమంది పోయిండ్రో గట్ల."

వేణు చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి?"

"జగిత్యాల. మామిడి మొక్కలు."

"నలభై నాలుగేండ్లు అచ్చినయి నీకు. ఒక్క మొక్క నాటంగ సూడలే నేను."

వేణు బస్టాండుకు నడిచాడు. వేములవాడలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. మొక్కు తీర్చుకున్న గుండ్లతో సీట్లు నిండాయి. జగిత్యాల చేరేసరికి పదకొండున్నర.

ధర్మపురి రోడ్డులో ఉన్న నర్సరీ గేటు దగ్గర ఒకతను మల్లె మొక్కలకు నీళ్లు పడుతున్నాడు.

"దశేరి ఉన్నదా?" అడిగాడు వేణు.

"అయిపోయింది. హిమాయత్ ఉన్నది."

"హిమాయత్‌కు నీళ్లెక్కువ గావాలె."

అతను గేటు తీశాడు. నర్సరీలో కారు పెట్టడానికి నీడ ఒక్కచోటే ఉంది. అక్కడ అర్జున్ రావు కారు ఉంది.

వెనక షెడ్డులో సెక్షన్ చీఫ్ పురుషోత్తం రావు గడియారం చూసుకున్నాడు. అతని ఎడమ పక్కన అర్జున్ రావు కూర్చున్నాడు. వయసు ముప్పై ఆరు. సారంగాపూర్ దొరల ఇంటి మనిషి, దుబాయ్ పోస్టింగ్ రెండుసార్లు దొరికింది. వేణు అడిగిందీ రెండుసార్లే. పురుషోత్తం రావుకూ అర్జున్ రావుకూ చుట్టరికం లేదు. వేణు ఆ సంగతి వాకబు చేసి తెలుసుకున్నాడు. తెలిశాక మరింత బాధపడ్డాడు.

అర్జున్ రావు పక్క కుర్చీలో ప్రణీత ఉంది. ఆమె డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం తీసుకుంటుంది, ఇటువైపు వాళ్లకు చెప్పి తీసుకుంటుంది. ఆమె లోపలికి వచ్చినప్పుడు మల్లె మొక్కలకు నీళ్లు పడుతున్న మనిషి గొట్టం కింద పెట్టి నిలబడ్డాడని వేణుకు తర్వాత తెలిసింది. మూడేళ్లు ఆమె వేణుతో పనిచేసింది. తొమ్మిది నెలల కిందట ఆమెను అర్జున్ రావుకు పార్ట్‌నర్‌గా మార్చారు. ఆమె ఏ దేశం వైపు ఉందన్న విషయంలో వేణుకు అనుమానం లేదు. ఎవరి వైపు ఉందన్నదే అనుమానం.

"ఎట్లున్నవ్ వేణూ?" అంది ప్రణీత.

"ఉన్న."

పురుషోత్తం రావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. గల్ఫ్ రేవుల్లో సెక్షన్‌కు సమాచారం పంపేవాళ్లు పద్నాలుగు మంది. అందరూ ఇక్కడి నుంచి పనికి వెళ్లినవాళ్లే. ఆ పద్నాలుగు పేర్లున్న ఫైల్ దొంగతనం అయింది. తీసినవాడి పేరు స్టెఫాన్. ఆయుధాల రవాణా చేసే విదేశీ ముఠా మనిషి. ఇప్పుడు కోరుట్లలో ఒక కొత్త ఇల్లు అద్దెకు తీసుకుని పసుపు ఎక్స్‌పోర్ట్ కంపెనీ బోర్డు పెట్టాడు.

"ఫైల్ ఒక హార్డ్‌డిస్క్ బాక్స్‌ల ఉన్నది," అన్నాడు చీఫ్. "బాక్స్‌కు బయటి ఇంటర్నెట్ లేదు. ఆ ఇంటి వైఫై మీదనే ఉన్నది. ఎల్లుండి పదకొండున్నరకు స్టెఫాన్ లైన్ తెరుస్తడు. కొనేటోళ్లు ఫైల్ తీసుకుంటరు. గంతకు ముందు మనం ఆ వైఫైల చొరబడి ఒక ప్రోగ్రాం పంపాలె. అది బాక్స్‌ను తుడిచేస్తది."

"రెయిడ్ చేస్తే?" అడిగాడు వేణు.

"గేటు మీద చెయ్యి పడంగనే ఒక బటన్ నొక్కుతడు. లైన్ అప్పుడే తెరుచుకుంటది."

"ప్రణీత స్టెఫాన్ మనిషి లెక్క లోపలనే ఉంటది గదా."

"బాక్స్ గదికి తాళం," అంది ప్రణీత. "గేట్ల నా ఫోన్ గుంజుకుంటరు. బాక్స్ పాస్‌వర్డ్ మాత్రం దొరికింది. వైఫై పాస్‌వర్డ్ ఇంటామె పెట్టిందే. స్టెఫాన్ మారుస్త అంటే ఆమె ఒప్పుకోలే. సిగ్నల్ గేటు దాటి పోతలేదని మీటర్ పెట్టి సూసుకున్నడు స్టెఫాన్. అందుకే ఆ ఇల్లు తీసుకున్నడు."

ప్రణీత చెవి కమ్మలో రిసీవర్ ఉంది. వినగలదు, మాట్లాడలేదు. అది అర్జున్ రావు సెట్‌కు మాత్రమే ట్యూన్ అయి ఉంది.

చీఫ్ అందించిన కాగితం మీద పద్నాలుగు పేర్లలో ఏడోది మల్లేశం. షార్జా రేవులో క్రేన్ హెల్పర్. తొమ్మిదేళ్ల కిందట కోరుట్ల బస్టాండులో చాయ్ తాగిస్తూ అతన్ని ఈ పనికి ఒప్పించింది వేణు. ఇద్దరు బిడ్డలు. పేరు బయటపడితే మల్లేశం ఆ రేవు గేటు దాటి రాడు. వేణు ఆ పేరు దగ్గర వేలు ఉంచి కాగితం తిరిగి ఇచ్చాడు.

స్టోర్స్ చూసే లక్ష్మీరాజం సామాను పంచాడు. గంపంత యాంటెన్నా ఒకటి. ఎటు తిప్పితే అటు నుంచి మాత్రమే సిగ్నల్ పట్టుకుంటుంది. అర్ధ కిలోమీటరు నుంచి పనిచేస్తుంది. అది అర్జున్ రావు ముందు ఉంది.

"ఒక్కటే అచ్చింది," అన్నాడు లక్ష్మీరాజం. "ముందుగాల అచ్చినోళ్లకు ఇచ్చిన. నువ్వు లేట్ అచ్చినవ్."

వేణుకు ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్, వేలెడంత యూఎస్‌బీ వైఫై అడాప్టర్, మూడు మీటర్ల కేబుల్ ఇచ్చాడు.

"అర్జున్ కార్ల నుంచి చేస్తడు," అన్నాడు చీఫ్. "నువ్వు ఎదురింట్ల ఉండాలె. బ్యాకప్."

"ఏమనుకోకు అన్నా," అన్నాడు అర్జున్ రావు.

"ఏమనుకుంట దొరా. కారు నీది, నీడ గూడ నీదే."

ప్రణీత నవ్వింది. అర్జున్ రావు కూడా నవ్వాడు. ఆమె తన మాటకు నవ్విందా, అతని నవ్వు చూసి నవ్విందా అని వేణు కోరుట్ల దాకా ఆలోచించాడు.

ఎదురింటి సమ్మక్కకు యాభై రెండేళ్లు. భర్త ఆగయ్య మస్కట్‌లో ఉంటాడు. రెండు ఇళ్లూ ఆమెవే. కొత్తది స్టెఫాన్‌కు ఇచ్చి పాతదాంట్లో ఉంటోంది. వైఫై కనెక్షన్ కొత్త ఇంట్లో ఉంది. పాత ఇంట్లో మేడ మీద గదికి తప్ప సిగ్నల్ రాదు. అక్కడా ఒక గీతే. ఆగయ్య వీడియో కాల్ చేస్తే ముఖం సగం వచ్చి ఆగిపోతుంది. వేణు నెట్ రిపేర్ మనిషిగా బుధవారం గేటు తట్టాడు. చొక్కా జేబులో టెస్టర్, భుజాన కేబుల్ చుట్ట. ఆమె లోపలికి రమ్మంది.

రిపేర్‌కు వచ్చినవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. రౌటర్ ఎక్కడ? వేణు బుధవారం అది అడగలేదు. అతని ఆలోచన యాంటెన్నా మీద ఉంది.

గురువారం పదీ ఐదుకు అర్జున్ రావు ఫోన్ చేశాడు.

"అన్నా, గల్లీల ఎవలో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసే ఫంక్షన్ ఉన్నదట. రెండు దిక్కుల టెంట్ ఏసిండ్రు. ఇనుప పైపులు, రేకులు. కారు మెయిన్ రోడ్డు మీదనే ఆగింది. యాంటెన్నా ఎటు తిప్పినా టెంటే కనబడ్తున్నది. నాతోని కాదు. నువ్వే చెయ్యాలె."

వేణు తొమ్మిది నెలల్లో మొదటిసారి మనసారా నవ్వాడు.

"నువ్వు కూసో దొరా. ఏసీ ఏస్కొని కూసో. నేను జూస్కుంట."

మేడ మీది గదిలో ట్రంకు పెట్టె మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. వైఫై గుర్తులో ఒక గీత. ప్రోగ్రాం చిన్నదే, పదకొండు ఎంబీ. పంపడం మొదలుపెట్టాడు. నాలుగు శాతం దగ్గర తెగింది. తెగితే మళ్లీ మొదటి నుంచి పంపాలి.

ట్రంకు పక్కన ఇనుప బీరువా ఉంది. ట్రంకును కిటికీ దగ్గరికి జరిపాడు. తొమ్మిది శాతం. కిటికీకి దోమల జాలీ ఉంది. వేలితో తట్టాడు. స్టీలు. ఎనిమిది స్క్రూలు విప్పి జాలీ తీశాడు. రెండు గీతలు. బ్యాటరీ మిగల్చడానికి ల్యాప్‌టాప్ వైఫై బలం తగ్గిస్తోందని గుర్తొచ్చి చార్జర్ పెట్టాడు, సెట్టింగ్ మార్చాడు. పదహారు శాతం. తెగింది.

"అక్కా, ఒక మూకుడు ఇస్తవా?"

సమ్మక్క మూకుడు తెచ్చి గుమ్మంలో నిలబడింది. వేణు అడాప్టర్‌ను ఒక గరిటె కాడకు దారంతో కట్టాడు. తెగిన పోగుకు వేసే ముడి వేశాడు, చేతికి అలవాటైన ముడి. గరిటెను మూకుడు మధ్యలో నిలబెట్టి, మూకుడు నోరు ఎదురింటి వైపు తిప్పాడు. కేబుల్ ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. మూడు గీతలు వచ్చాయి.

"బూరెలు కాల్చే మూకుడు తమ్మీ అది," అంది సమ్మక్క. "దాంట్ల నెట్ కాలుస్తున్నవా?"

"సిగ్నల్ వచ్చి దీనికి తగిలి నడుమల పడ్తది అక్కా."

"మరి మా ఆయన మొఖం పూరాగా అస్తదా?"

"ఇయ్యాల అస్తది."

ముప్పై ఒకటి దగ్గర తెగింది. గోడ గడియారం పదకొండూ పదమూడు చూపింది. మూకుడు కొంచెం పైకెత్తాడు, పక్కకు తిప్పాడు. మూడో గీత వచ్చి పోతోంది. తన వైపు చేయగలిగినదంతా చేశాడు. అంటే లోపం అటువైపు ఉంది.

"రౌటర్ యాడ పెట్టినవ్ అక్కా?"

"నిన్నటి సంది సూస్తున్న ఎప్పుడడుగుతవా అని. పోయినసారి అచ్చినాయన గేట్లనే అడిగిండు." ఆమె కొత్త ఇంటి వైపు చెయ్యి చూపింది. "గా ముందటి రూంల. మంచిగ పెట్టిన. ఆయన మస్కట్ కెల్లి పంపిన మిషిని. దుమ్ము పడొద్దని, ఎవల కండ్లు పడొద్దని నా జరీ చీర మడత మీద మడత ఏసి కప్పిన. సిరిసిల్లది, ఎండి జరీ. కిరాయోళ్లకు గూడ చెప్పిన. గా గుడ్డ తీసిండ్రంటే ఇల్లు ఖాళీ చేసి పోవాలె."

"తీయలేదా?"

"తెల్లాయన చేతులు జోడిచ్చి మరీ ఒప్పుకున్నడు."

వేణు మూకుడు కింద పెట్టాడు. స్టెఫాన్ మీటర్ పట్టుకుని గేటు దగ్గర తిరగడం, గోడలు మందమని సంతోషపడడం, తన నలభై నిమిషాలు, లక్ష్మీరాజం యాంటెన్నాను ముందుగాల అచ్చినోళ్లకు ఇచ్చేయడం, అన్నీ ఆ అల్యూమినియం పోగు పనే.

టైమ్ పదకొండూ పద్నాలుగు.

గుడ్డ తీయగలిగే మనిషి ఒక్కరే. ప్రణీత. ఆమెకు చెప్పగలిగే మనిషి కూడా ఒక్కరే. అర్జున్ రావు.

వేణు ఫోన్ తీశాడు. నంబర్ మీద వేలు పెట్టలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే రిపోర్ట్ ఎలా రాస్తారో అతనికి తెలుసు. అర్జున్ రావు సూచనతో, అర్జున్ రావు పార్ట్‌నర్ చేతుల మీదుగా. ఫోన్ జేబులో పెట్టాడు. సమ్మక్కను పంపితే? ఇంటామె, తన గుడ్డ తానే తీసుకుంటుంది. కొత్త ఇంటి గేటు దగ్గర ఇద్దరు ఉన్నారు, ఇద్దరి చొక్కాల కింద పిస్తోళ్లు ఉన్నాయి. వేణు ఆమె వైపు చూసి, ఆ ఆలోచన మానుకున్నాడు. అంత దాకా దిగజారలేదు.

మూకుడు మళ్లీ ఎత్తాడు. కుర్చీ మీద నిలబడ్డాడు. ఇరవై రెండు శాతం. తెగింది. కిటికీ బయటికి చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఇరవై ఆరు. తెగింది.

పదకొండూ ఇరవై ఒకటికి ఫోన్ మోగింది. మల్లేశం. షార్జాలో చాయ్ టైమ్. మెసేజ్‌లో గులాబీల బొమ్మ, మీద గుడ్ మార్నింగ్ అని అక్షరాలు. ఏ ఏజెంట్ నంబర్‌కూ ఏమీ పంపకూడదని రూల్. ఎన్నిసార్లు చెప్పినా మల్లేశం రోజూ పంపుతాడు. తొమ్మిదేళ్లలో వేణు ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు.

వేణు అర్జున్ రావుకు ఫోన్ చేశాడు.

"చెప్పు అన్నా."

"ప్రణీతకు చెప్పు. ముందటి రూంల రౌటర్ మీద జరీ గుడ్డ ఉన్నది. అది తీయాలె. ఇప్పుడే."

"గుడ్డనా?"

"గుడ్డనే."

"గుడ్డ తీస్తే సిగ్నల్ అస్తదా అన్నా? గీ యాంటెన్నాతోని రానిది?"

"దొరా, నేను సాంచాల మధ్య పుట్టిన. నువ్వు యాంటెన్నాల మధ్య పుట్టినవ్. నా మాట ఇను. నీకు దండం పెడ్త." ఆ మాట అతని నోటి నుంచి ఎన్నడూ రాలేదు. అర్జున్ రావుకు ఎన్నడూ వినబడలేదు.

"చెప్తున్న అన్నా," అన్నాడు అర్జున్ రావు. లైన్ పెట్టేశాడు.

మూడు నిమిషాలు ఏమీ జరగలేదు. తర్వాత ఎదురింటి ముందు గది కిటికీ తెరుచుకుంది. ప్రణీత కనిపించింది. ఆమె వెనక స్టెఫాన్ గొంతు ఇంగ్లీషులో వినబడింది.

"ఇంటి ఆమె తిడుతుంది. దాన్ని ముట్టుకోవద్దు."

"దుమ్ము పట్టింది. దులిపి పెడతాను. లేకపోతే ఇంకా ఎక్కువ తిడుతుంది," అంది ప్రణీత, ఇంగ్లీషులోనే.

ఆమె చీర కిటికీ బయటికి పట్టి దులిపింది. వెండి జరీ ఎండలో మెరిసింది. మడతలు ఒక్కొక్కటి విప్పి దులుపుతూ ఉంది. తొందరపడలేదు.

ల్యాప్‌టాప్‌లో గీతలు మూడయ్యాయి, నాలుగయ్యాయి. పదకొండూ ఇరవై ఆరు. వేణు ఎంటర్ కొట్టాడు. ఇరవై. నలభై ఐదు. యాభై రెండు దగ్గర ఆగింది. యాభై మూడు.

సమ్మక్క కిటికీ దగ్గరికి వచ్చింది. "వామ్మో! నా చీర తీసింది. దీని సంగతి సూస్త, ఉండు."

"అక్కా." వేణు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మూడు నిమిషాలు. నీ కాళ్లు మొక్కుత. మూడు నిమిషాలు ఆగి పో."

డెబ్భై. ఎనభై ఎనిమిది. ఎదురింట్లో స్టెఫాన్ వాచీ చూసుకుంటూ లోపలి గది తాళం తీస్తున్నాడు. తొంభై నాలుగు. పదకొండూ ఇరవై తొమ్మిది. తొంభై తొమ్మిది దగ్గర గీత ఒకటి పోయింది, వచ్చింది. నూరు. టైమ్ ముప్పైకి ఎనిమిది సెకన్లు తక్కువ.

పదకొండున్నరకు స్టెఫాన్ లైన్ తెరిచాడు. కొనేవాళ్లకు అందిన ఫైల్‌లో ఏమీ లేదు. ఒక నిమిషానికి ఒడిబియ్యం టెంట్ కింద తింటున్న పన్నెండు మంది విస్తళ్ల ముందు నుంచి లేచి గేటు తోశారు. వాళ్లు చుట్టాల్లో కలిసి కూర్చున్న పోలీసులు. గేటు దగ్గరి ఇద్దరికీ చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చే సమయం దొరకలేదు. పోలీసుల వెనక సమ్మక్క కూడా వెళ్లింది. బేడీలు వేసుకున్న స్టెఫాన్‌ను చీర గురించి అడిగింది. అతను ప్రణీత వైపు చూపించాడు.

ప్రణీత చీర భుజాన వేసుకుని కిటికీలో నిలబడి ఉంది. వేణు చెయ్యి ఎత్తాడు. ఆమె చెయ్యి ఊపింది, మెయిన్ రోడ్డు వైపు. వేణు ఎత్తిన చేతితో జాలీ పట్టుకుని స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి, ఫోన్ తీసి, మల్లేశంకు ఒక గులాబీ పంపాడు.

శుక్రవారం జగిత్యాలలో పురుషోత్తం రావు రిపోర్ట్ చదివాడు.

"పదకొండూ పద్నాలుగుకు గుడ్డ సంగతి తెలిసింది నీకు. ఇరవై ఒకటికి ఫోన్ చేసినవ్. ఏడు నిమిషాలు. ఏమైంది?"

"సిగ్నల్ లేకుండె సార్."

"ఫోన్‌కా?"

"ఫోన్‌కు ఉండె."

పురుషోత్తం రావు అతన్ని చూశాడు. కలం తీసి 'సాంకేతిక కారణాలు' అని రాశాడు. టీం లీడర్‌గా ప్రశంసాపత్రం అర్జున్ రావుకు వచ్చింది. కాగితం మీద యాంటెన్నా పేరు కూడా ఉంది.

ప్రణీత గేటు దాకా వచ్చింది. "ఏడు నిమిషాలు నా చెవిల ఒక్క మాట లేదు వేణూ. నువ్వు చచ్చినవేమో అనుకున్న."

"అనుకుంటే ఏం జేసినవ్?"

"బాక్స్ గది దగ్గరికి పోయే వంకకు దుమ్ము దులిపే గుడ్డ ఎతికిన," అంది. అర్జున్ రావు కారు హారన్ కొట్టింది. ఆమె వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

ఆదివారం సాయంత్రం వేణు సిరిసిల్లలో ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. రౌటర్‌ను తలుపు పైన, దేనికీ అడ్డం లేకుండా మేకుకు తగిలించాడు. నాలుగు గీతలు. అర్జున్ రావు నుంచి మెసేజ్ వచ్చింది.

"అన్నా, మా ఇంట్ల వైఫై సరిగ్గ వస్తలేదు. ప్రణీత మీటింగ్ కోసం అచ్చింది, ల్యాప్‌టాప్ కనెక్ట్ అయితలేదు. రౌటర్ యాడ పెట్టాలె? గీ పనిల నీ అంత తెలిసినోళ్లు లేరు."

వేణు రెండుసార్లు చదివాడు. చివరి వాక్యం మూడోసారి చదివాడు. తర్వాత టైప్ చేశాడు.

"ఇనుప బీరువాల పెట్టు తమ్మీ. లాకర్ల పెడితే ఇంకా మంచిది."

చెరిపేద్దామా అనుకుంటూ తెర మీదికి వేలు జరిపాడు. సిగ్నల్ నిండుగా ఉంది. వేలు తగలగానే మెసేజ్ వెళ్లిపోయింది.